చిన్నమ్మమ్మకు గడి లేని ఫారం

రగ్బీ లీగ్ అనే ఆట ఒకటి ఈ లోకంలో ఉన్నదని నాకు యాభై ఆరో ఏట తెలిసింది. అరవై మూడో ఏట ఆ ఆట నుంచి రిటైరయ్యాను. నడుమ గడిచిన ఏడేళ్ళలో ఒక్కసారైనా బంతిని చేతపట్టలేదు. అయినా ఒక దేశపు జట్టు గెలిచిన ఆటను ఓడిన ఆటగా మార్చినవాడిని నేనే. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్ళు, ముఖ్యంగా కాగితాల పనిని గుమాస్తాగిరీ అని తీసిపారేసేవాళ్ళు, ఈ సంగతి వినడం మంచిదని రాస్తున్నాను.

అమెరికాకు రాకముందు నేను మన వైపు ఒక విశ్వవిద్యాలయంలో పరీక్షల విభాగంలో పనిచేశాను. హాల్ టికెట్టులోని పేరుకూ మార్కుల జాబితాలోని పేరుకూ ఒక్క అక్షరం తేడా వస్తే డిగ్రీ పట్టాను ఆపిన చేతులివి. విద్యార్థులు నన్ను వెనకాల ఏమని పిలిచేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయను. నా భార్య రసాయన శాస్త్రం చదివింది. ఆమెకు నార్త్ కెరొలైనాలో మందుల పరిశోధన ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె వీసా మీద ఆధారపడినవాడిగా నేను మోరిస్‌విల్‌కు వచ్చాను. పనిచేయడానికి అనుమతి వచ్చేదాకా నాలుగేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. పప్పుల డబ్బాలకూ, మందుల సీసాలకూ, ప్రతి కరెంటు మీటకూ పేర్లు రాసి చీటీలు అతికించాను. ఒకనాడు ఆవిడ పేపరులో ఒక ప్రకటన చూపించి, "ఈ ఇంట్లో చీటీ అతికించడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను. దీనికి అప్లై చేయండి" అన్నది. చేశాను. ఉద్యోగం వచ్చింది.

అది ఆరుగురు పనిచేసే చిన్న సంస్థ. యూరప్‌లో ఒక చిన్న దేశం ఉన్నది, పేరు చెప్పను. ఆ దేశంలో ఈ ఆట అప్పుడప్పుడే వేళ్ళూనుకుంటున్నది. ఉన్న కొద్ది క్లబ్బులూ ఫుట్‌బాల్ వాళ్ళు వదిలిన వేళల్లో, వాళ్ళ మైదానాల్లోనే ఆడుకునేవి. అయితే రెండు మూడు తరాల కిందట ఆ దేశం నుంచి చాలామంది అమెరికాకు వలస వచ్చారు. వాళ్ళ మనుమల్లో ఈ ఆట ఆడేవాళ్ళు కొందరున్నారు. ఆ దేశంలో తాను పుట్టినా, తల్లిదండ్రుల్లో ఒకరు పుట్టినా, తాతా అవ్వల్లో ఒకరు పుట్టినా ఆ దేశపు చొక్కా తొడుక్కోవచ్చునని నియమం. అటువంటివాళ్ళను వెతికి, కాగితాలు సరిచూసి, విమానం ఎక్కించడం మా సంస్థ పని. మా యజమాని కూడా ఆ దేశపు మనుమడే. నా పని ఆ మూడింటిలో నడిమిది. అర్హత పత్రాల రిజిస్ట్రార్ అని నా బల్ల మీద పలక ఉండేది.

ఆట సంగతి మీకు కొద్దిగా తెలిస్తే చాలు. జట్టుకు పదముగ్గురు. కబడ్డీ ఎరిగినవాళ్ళకు సగం అర్థమైనట్లే. బంతితో పరుగెత్తేవాడిని ఎదుటివాళ్ళు పట్టి కూలుస్తారు. వాడు లేచి బంతిని కాలితో వెనక్కు దొర్లిస్తాడు. ఆరుసార్లు పట్టుబడితే బంతి ఎదుటివాళ్ళకు పోతుంది. దొర్లించిన బంతిని ప్రతిసారీ వంగి అందుకొని, ఎటు పంపాలో క్షణంలో తేల్చేవాడు ఒకడుంటాడు. వాడి చొక్కా మీద తొమ్మిది అంకె ఉంటుంది. నేను చెప్పబోయేది మా తొమ్మిదో నంబరు గురించి.

అతడిది జార్జియా రాష్ట్రంలో కమ్మింగ్ అనే ఊరు. ఇళ్ళకు పైకప్పులు వేసే పని. వయసు ముప్పైకి ఒకటి తక్కువ. జట్టు అభ్యాసం మోరిస్‌విల్ దగ్గర ఒక మైదానంలో జరిగేది. శుక్రవారం సాయంత్రం పని దిగి ఆరేడు గంటలు తన ట్రక్కు నడుపుకొని వచ్చేవాడు. ఆదివారం అంతే దూరం తిరిగిపోయేవాడు. ఇందుకు అతడికి ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు. మనిషి మాటకారి కాదు. నన్ను "సర్" అనేవాడు. మా జట్టులో 'సర్' అనే అలవాటు తక్కువ కనుక నాకు అతడి మీద సదభిప్రాయం కలిగింది. ఇది కూడా ఒక బలహీనతే అని ఇప్పుడు తెలుస్తున్నది.

అర్హత విచారణ ఫోన్‌లో చేసేవాడిని. ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగి, జవాబులను ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేవాడిని. వేగంగా రాయాలంటే నా చేయి తెలుగులోనే నడుస్తుంది. తర్వాత తీరికగా ఫారం నింపేవాడిని. ఫారం ఒక పేజీ. అందులో 'గ్రాండ్‌మదర్' అనే గడి ఒకటి, దాని పక్కన తల్లి వైపా, తండ్రి వైపా అన్నది, కింద పుట్టిన చోటు. తొమ్మిదో నంబరు తన గ్రాండ్‌మదర్ జన్మ పత్రాన్ని పంపించాడు. ఆవిడ దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నదట. ఊడదీసి స్కాన్ చేయడానికి వారం పట్టింది. ఆ పత్రం, సంతకం చేసిన ఫారం ఉంటే చాలునని అప్పటి నియమావళి. నియమావళి అడిగినది అడిగాను, అడగనిది అడగలేదు. అందులో నాకు గర్వం కూడా ఉండేది.

ఆ వేసవిలో యూరప్ పోటీలో మా జట్టు కింది అంచెలో ఉన్నది. మూడు దేశాలు. ప్రతి జట్టూ మిగతా రెండింటితో ఆడాలి. మొదటి స్థానం తెచ్చుకున్నది పై అంచెకు ఎక్కుతుంది. ఆ మెట్టు ఎక్కితే పెద్ద దేశాలతో ఆడవచ్చు. అక్కడి ఫుట్‌బాల్ వాళ్ళు మైదానం ఇవ్వడానికి నసగరు. మొదటి ఆట మా ప్రధాన ప్రత్యర్థితో జరిగింది. నాలుగు పాయింట్ల తేడాతో గెలిచాము. చివరి నిమిషాల్లో గీత దగ్గర బంతిని ఎడమకు పంపుతున్నట్టు నటించి, తానే దూరి, నేలకు ఆనించి ఆ నాలుగు పాయింట్లూ తెచ్చినవాడు మా తొమ్మిదో నంబరు. నేను దాన్ని ఆఫీసు కంప్యూటరులో చూశాను. కుర్చీలోంచి లేచి నిలబడ్డానని మా ఆఫీసులో పనిచేసే అమ్మాయి తరువాత పదిమందికి చెప్పింది. నేను ఖండించలేదు.

ఈ అమ్మాయిది హనుమకొండ. ఇక్కడ మాస్టర్స్ చదివి, వీసా మీద మా సంస్థలో మూడేళ్ళుగా ఉన్నది. రికార్డులన్నీ కంప్యూటరులోకి ఎక్కించే బాధ్యత ఆమెది. పనిలో నా కంటే చురుకు. నన్ను అంకుల్ అనడం ఒక్కటే ఆమెలో నాకు నచ్చనిది.

రెండో ఆటకు మూడు వారాల ముందు యూరప్ నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. వేరే పోటీలో ఎవరి అర్హతనో ఎవరో ప్రశ్నించారట. ఇకమీదట ప్రతి ఆటగాడికీ తరతరానికీ గొలుసుకట్టుగా పత్రాలు ఉండాలి. అంటే అతడి జన్మ పత్రం, అతడి తల్లిది, ఆ తల్లి తల్లిది. ఆటకు ముందు వారం గురువారం నాడు కమ్మింగ్ నుంచి కవరు వచ్చింది. దాన్ని తెరిచినది ఆమె.

"అంకుల్, ఇది ఒకసారి చూడుండ్రి."

"ఆఫీసులో అంకుల్ ఏమిటమ్మా."

"సరే, సార్. ఇది చూడుండ్రి. మన నైన్‌ది. వాళ్ళ మదర్ బర్త్ సర్టిఫికెట్‌ల మదర్ నేమ్ వేరే ఉన్నది."

చూశాను. మొదట వచ్చిన పత్రంతో పోల్చితే పుట్టింటి పేరు ఒకటే. అసలు పేరు వేరు.

"ఒక్క మనిషికే రెండు పేర్లేమో సార్. మా నాయనమ్మకు బారసాల పేరొకటి, ఆధార్‌ల పేరొకటి. వీళ్ళకు కూడా అట్లనే ఉండొచ్చు కదా."

అలా ఉండవచ్చునని నాకూ ఒక్క నిమిషం అనిపించింది. తర్వాత ఆ పత్రంలో తల్లి పుట్టిన చోటు అనే గడి మీద వేలు పెట్టి చూపించాను. అక్కడ ఉన్నది మా జట్టు దేశం పేరు కాదు. దాని పొరుగు దేశంలోని ఒక రేవు పట్టణం పేరు.

నేను బీరువా తెరిచి పాత నోటుపుస్తకం తీశాను. ఏ పేజీలో ఏమున్నదో నేను పెట్టుకున్న సూచిక వల్ల అర నిమిషంలో దొరికింది. నా దస్తూరీయే. స్పష్టంగా, కొట్టివేత లేకుండా, ఇలా ఉన్నది: "చిన్నమ్మమ్మ. అక్కడే పుట్టింది. జన్మ పత్రం ఫ్రేములో ఉన్నది."

అప్పుడు అతడి మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుకు వచ్చింది. "గ్రాండ్‌మా అక్కడే పుట్టింది సర్. అంటే నిజానికి ఆమె గ్రాండ్‌మా చెల్లెలు. కానీ గ్రాండ్‌మానే." ఆ మాట విన్నాను. విని, తెలుగులో సరిగానే రాసుకున్నాను. ఆ సాయంత్రం ఫారం ముందు పెట్టుకొని, 'గ్రాండ్‌మదర్' అనే గడిలో ఆమె పేరు నింపాను. నా చేయి తడబడలేదు. ఎందుకు తడబడుతుంది? నన్ను పెంచినది మా చిన్నమ్మమ్మ. మా అమ్మమ్మ పెద్దది, చిన్నమ్మమ్మ ఆమె చెల్లెలు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేవారు. నేను ఆకలేస్తే ఎవరి కొంగు దగ్గరగా ఉంటే ఆ కొంగు పట్టుకునేవాడిని. తల్లి చెల్లెలిని చిన్నమ్మ అనీ, అమ్మమ్మ చెల్లెలిని చిన్నమ్మమ్మ అనీ పిలిచే భాషలో పెరిగినవాడికి, అమ్మమ్మ చెల్లెలు అమ్మమ్మ కాదని చెప్పాలంటే ఒకరు గట్టిగా చెప్పాలి. ఒక్క కామా లేదని ఫారాలు తిప్పి పంపినవాడిని. ఈ గడి దగ్గర నాకు అనుమానమే కలగలేదు.

ఆ అమ్మాయి పుస్తకాన్ని నాకంటే ముందే చదివేసినట్టుంది. నెమ్మదిగా అన్నది: "అంకుల్, ఈ పుస్తకం మీ పర్సనల్ కదా. ఇంటికి తీసుకపోండ్రి. సర్టిఫికెట్ సంగతి వాళ్ళు అడిగినప్పుడు చూసుకుందాం."

"వాళ్ళు అడిగారమ్మా. ఇదిగో ఉత్తరువు."

మా యజమాని గదికి ఇద్దరమూ వెళ్ళాము. అక్కడి మాటలు ఇంగ్లీషులో జరిగాయి, తెలుగులో రాస్తున్నాను. ఆయన మొత్తం విని, రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. ఈ అర్హత తప్పని తేలితే మొదటి ఆట గెలుపు రద్దవుతుందని ఆయనకు నేను చెప్పనవసరం లేదు.

"జట్టు జాబితా పంపవలసింది సోమవారం. ఆట ఆ తరువాతి శనివారం. నువ్వు ఈ కవరును ఆట ముగిశాక వచ్చే సోమవారం తెరిచి ఉండవచ్చు."

"ఈ గురువారం తెరిచాము."

"అతడు తప్పు చెప్పాడా?"

"లేదు. అతడు నిజం చెప్పాడు. ఈ పుస్తకంలో ఉన్నది."

ఆయన పుస్తకాన్ని తనవైపు తిప్పుకొని ఆ అక్షరాలను చూశాడు. "దీన్ని ఎవరు చదవగలరు?"

"ఈ ఆఫీసులో ఇద్దరం."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆమె ముఖంలో ఏ మార్పూ లేకుండా, "నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు" అన్నది.

ఆమె హనుమకొండలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది. ఆఫీసు ఫ్రిజ్ మీద నేను తెలుగులో అతికించిన చీటీలను చదివి వెక్కిరించేది ఆమెయే. నాకు ఆ క్షణం కష్టంగా గడిచింది. నా పేరు నిలపడానికి ఆ పిల్ల తన చదువును దాచుకున్నది.

"ఆమెకు బాగా చదవడం వచ్చు" అన్నాను. "నాకంటే వేగంగా చదువుతుంది."

యజమాని నవ్వలేదు. "నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతేనా?" అని మాత్రం అడిగాడు.

బయటకు వచ్చాక ఆమె నేరుగా తన బల్ల దగ్గరకు పోయింది. తర్వాత టీ కప్పు నా బల్ల మీద కాస్త బలంగా పెట్టింది. "మీ మంచి కోసమే కదా చెప్పిన. నన్ను అబద్ధాలకోరును చేసిండ్రు."

"నువ్వు అబద్ధం ఆడావు కాబట్టి."

"మీతో కష్టం అంకుల్."

ఆమె మాట కాదనలేను. నా భార్య కూడా ఆ రాత్రి భోజనం దగ్గర అదే అన్నది. కాని తరువాత, "ఆ అబ్బాయికి ఎవరు చెప్తారు?" అని అడిగింది. నేనే చెప్పాలని ఆమె ఉద్దేశం. నా ఉద్దేశమూ అదే.

శనివారం ఎండ విపరీతంగా ఉన్నది. నేను ఎప్పటివలెనే టై కట్టుకొని మైదానానికి వెళ్ళాను. అక్కడి ముప్పైమంది ఆటగాళ్ళకు నాతో పని ఉండేది కాదు. కాగితం పోగొట్టుకున్నవాడు మాత్రమే నా వైపు వచ్చేవాడు. నీళ్ళ కోసం ఆట ఆపినప్పుడు అతడిని పక్కకు పిలిచాను. అతడు చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. నేను దాపరికం లేకుండా, వరుసగా, ఏం దొరికిందో, నియమం ఏమిటో, సోమవారం జాబితాలో అతడి పేరు ఎందుకు ఉండదో చెప్పాను.

అతడు అంతా విన్నాడు. "నేను మీకు మొదటి రోజే చెప్పాను, సర్."

"చెప్పావు. నేను విన్నాను. రాసేటప్పుడు తప్పు రాశాను."

"మరి గెలిచిన ఆట?"

"పోతుంది."

అతడు మైదానం వైపు చూశాడు. అక్కడ మిగతావాళ్ళు సీసాలతో నీళ్ళు తల మీద పోసుకుంటున్నారు. "వాళ్ళు నేను మోసం చేశాననుకుంటారు."

అతడికి ఆట పోయింది. పరువు కూడా పోబోతున్నది. ఈ రెండోది నా చేతిలో ఉన్నది. అతడు మోసం చేయలేదని తేలాలంటే, ఆ చిన్నమ్మమ్మ తాను అతడి తల్లిని కనలేదనీ, ఇంట్లో ఈ సంగతి ఎవరూ ఎన్నడూ దాచలేదనీ ప్రమాణ పత్రం మీద సంతకం చేయాలి. అది నా నోటుపుస్తకంలోని పేజీతో కలిసి సోమవారం లోగా వెళ్ళాలి. ఆ మాట చెప్పాను.

"ఆమె చేత రాయించాలా?" అన్నాడు. "నా గ్రాండ్‌మా కాదని ఆమె చేతే రాయించాలా?"

"అవును."

"మీరు అడగండి. నేను అడగను."

అంతే అన్నాడు. తర్వాత నేను ఊహించినట్టు ట్రక్కు ఎక్కి వెళ్ళిపోలేదు. తన బదులు తొమ్మిదో నంబరుగా ఆడవలసిన కుర్రవాడి దగ్గరకు పోయి, మిగిలిన రెండు గంటలూ అతడికి కాళ్ళ దగ్గర బంతిని దొర్లించి దొర్లించి ఇచ్చాడు. వంగడం ఎలాగో, ఎదుటివాడి కళ్ళు ఎటు చూస్తున్నాయో ఎలా కనిపెట్టాలో చెప్పాడు. నేను టై వదులు చేసుకోకుండా గట్టు మీద నిలబడే ఉన్నాను. కూర్చోవడం భావ్యమనిపించలేదు.

ఆదివారం ఉదయమే అతడి ట్రక్కు వెనకాల హనుమకొండ అమ్మాయి కారులో మేమిద్దరం కమ్మింగ్ వెళ్ళాము. రావద్దన్నాను. "మీరు ఫ్రీవేలో అంత దూరం నడిపితే మండే కాదు, ట్యూజ్‌డే వస్తం" అన్నది. ఆదివారం నోటరీ ఎక్కడ దొరుకుతాడని నేను బెంగపడుతుంటే, దారిలోనే ఎవరికో ఫోన్ చేసి, ఆ ఊళ్ళోని మన తెలుగాయన ఒకరిని కుదిర్చింది. ఆయన వారమంతా సాఫ్ట్‌వేర్ పని, సెలవుల్లో నోటరీ. ముద్ర ఉన్న సంచీతో, నిక్కరుతో వచ్చాడు. నన్ను చూసి మొదట అడిగిన మాట, "భోంచేశారా సార్? ఇంటికి రండి, ఆవిడ పప్పుచారు పెట్టింది." ముందు పని అన్నాను.

ఆ ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉన్నది. గోడ మీద ఒక ఖాళీ ఫ్రేము వేలాడుతున్నది. ఆ పెద్దావిడకు ఎనభై దాటాయి. కిటికీ దగ్గర కుర్చీలో నిటారుగా కూర్చున్నది. మనుమడు వంటగది గుమ్మం దగ్గర ఆగిపోయాడు, లోపలికి రాలేదు. నేను వచ్చిన పని చెప్పాను. ఎంత మర్యాదగా చెప్పినా ఆ మాటకు మర్యాద లేదు.

ఆవిడ కొంతసేపు నా టైని చూసింది. "మీరు తప్పు రాశారా?" అని అడిగింది.

"అవునండీ."

"ఎలా రాశారు?"

నేను నోటుపుస్తకం తెరిచి ఆ మాట చూపించాను. మా భాషలో అమ్మమ్మ అనే మాటకు ముందు 'చిన్న' చేర్చి ఆమె చెల్లెలిని ఇలా అంటామనీ, ఈ మాటలో సగానికి పైగా అమ్మమ్మయే ఉన్నదనీ చెప్పాను. ఆవిడ ఆ గుండ్రని అక్షరాల మీద వేలు పోనిచ్చింది. తర్వాత తన భాషలో ఒక మాట అన్నది. ఆ భాష ఆవిడకు కొద్దిగానే మిగిలి ఉన్నదట. "మాకూ అంతే" అన్నది. "గ్రాండ్‌మా అన్నా, గ్రాండ్‌మా చెల్లెలన్నా ఒకటే మాట. ముందు 'చిన్న' అని కూడా పెట్టము."

ఆ దేశపు భాషలో ఆమె ఆ పిల్లవాడికి గ్రాండ్‌మానే. ఆ దేశపు జట్టు నియమావళి మాత్రం ఇంగ్లీషులో ఉన్నది.

ఆవిడ చెప్పింది, మేము విన్నాము. అక్క పొరుగు దేశపు రేవులో పుట్టింది. అప్పుడు తండ్రికి అక్కడ పని. సరిహద్దు దాటి సొంత దేశానికి వచ్చాక తాను పుట్టింది. అమెరికాకు వచ్చాక అక్కకు పెళ్ళి, ఒక కూతురు. కూతురికి రెండేళ్ళ వయసులో అక్క పోయింది. "మా అమ్మ నన్ను పిలిచి, ఆ బిడ్డను ఇంకెవరి చేతిలోనో పెట్టలేను అన్నది. బావను పెళ్ళి చేసుకున్నాను. ఆ పిల్ల నన్ను అమ్మ అనడానికి ఆరునెలలు పట్టింది."

"మా దగ్గర కూడా ఆంటీ" అన్నది మా హనుమకొండ పిల్ల. "మా దగ్గర కూడా అట్లనే చేస్తారు."

నేను టైపు చేసి తెచ్చిన ప్రమాణ పత్రం ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకొని మొదటి నుంచి చివరి దాకా చదివింది. అక్క పేరు దగ్గర ఆగింది.

"ఇది మా అక్క పేరు కాదు."

కూతురి జన్మ పత్రంలో ఉన్నదాన్నే అక్షరం అక్షరం చూసి రాశాను.

"ఈ అక్షరం మీద ఒక గీత ఉండాలి. ఇక్కడివాళ్ళు ఎప్పుడూ వేయలేదు. గీత లేకపోతే అది వేరే మాట అవుతుంది."

అది మన దీర్ఘం వంటిదని అర్థమైంది. దీర్ఘం పోతే మాటే మారిపోతుందని తరగతి గదిలో బెత్తంతో నేర్పించుకున్నవాడిని నేను. కలం ఇచ్చాను. ఆవిడ ఆ అక్షరం మీద గీత వేసింది. దిద్దుబాటు పక్కన పొడి అక్షరాలు వేయాలని చెప్పాను, వేసింది. తర్వాత కింద సంతకం చేసింది. నోటరీగారు ముద్ర వేశారు, నిక్కరు జేబులోంచి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నారు. మనుమడు గుమ్మం దగ్గరి నుంచి వచ్చి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆవిడ అతడి తల మీద చేయి వేసింది. ఇక మేము అక్కడ ఉండవలసిన పని లేదు.

మిగిలినది త్వరగా చెబుతాను. కాగితాలు సోమవారం మధ్యాహ్నం లోగా వెళ్ళాయి. తప్పు ఆటగాడిది కాదు, రిజిస్ట్రారుదని తీర్పు వచ్చింది. అతడి మీద ఏ మచ్చా పడలేదు. మొదటి ఆట గెలుపు రద్దయింది. అతడు తర్ఫీదు ఇచ్చిన కుర్రవాడు రెండో ఆట బాగా ఆడాడు, జట్టు గెలిచింది, అయినా రెండో స్థానంలోనే ఆగిపోయింది. పై అంచెకు ప్రత్యర్థి వెళ్ళింది. మా తొమ్మిదో నంబరు ఆ చొక్కా మళ్ళీ తొడగలేదు. ఊళ్ళో తన క్లబ్బుకు మాత్రం ఆడాడు.

యూరప్ నుంచి ఒక ఫారం వచ్చింది. 'పొరపాటుకు కారణం' అని అందులో నాలుగు గీతల గడి. మూడు రోజులు ఆలోచించి ఇలా రాశాను: "పరిశీలకుడు సరిగా విన్నాడు. తన భాషలో అర్థం చేసుకున్నాడు. ఇంకో భాషలో రాశాడు." రాజీనామా కూడా జత చేశాను. యజమాని రాజీనామాను వెనక్కి ఇచ్చి, బల్ల మీది పలకను మాత్రం తీయించాడు. పలక ఆ అమ్మాయికి వెళ్ళింది. ఆమె చేసిన మొదటి పని ఫారంలో ఒక ప్రశ్న చేర్చడం: ఈమె మీ తల్లిని లేదా తండ్రిని కన్నదా? ఇప్పటికీ దాన్ని అక్కడ అంకుల్ ప్రశ్న అంటారట. అది నాకు దక్కిన గౌరవమని అనుకోవడం లేదు. అవమానమని కూడా అనుకోవడం లేదు.

నియమం పాటించినందుకు మనసు తేలికపడుతుందని పెద్దలు మీకు చెబుతారు. నాకు పడలేదు. పాటించకపోతే ఇంకా బరువయ్యేదని మాత్రం చెప్పగలను.

ఆకురాలు కాలంలో ఒకనాడు ఆ పెద్దావిడ నుంచి ఫోన్ వచ్చింది. నేను ఇంకేదో సంతకం అడుగుతాననుకుంటున్నదేమోనని భయపడ్డాను. ఆవిడకు ప్రమాణ పత్రం నకలు కావాలట.

"మా అక్క పేరు సరిగా రాసిన కాగితం ఇంట్లో ఇంకొకటి లేదు. అరవై ఏళ్ళుగా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు, నేను కూడా ఎత్తలేదు. ఫ్రేము ఖాళీగా ఉంది" అన్నది.

విచారణకు సమర్పించిన పత్రాల నకలు బయటివాళ్ళకు ఇవ్వరాదని మా ఆఫీసు నియమావళిలో స్పష్టంగా ఉన్నది. ఆ వాక్యం రాసినవాడిని నేనే. బీరువా తాళం ఇప్పుడు నా దగ్గర లేదు, ఆఫీసు అమ్మాయిని అడిగాను. ఎందుకని అడగకుండా ఇచ్చింది. నకలు తీశాను. ఆ అక్షరం మీది గీత పలచగా పడింది. యంత్రంలో సిరా పెంచి మళ్ళీ తీశాను, కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూశాను. ఈసారి స్పష్టంగా ఉన్నది. కవరులో పెట్టి, తపాలా బిళ్ళ అతికించి, నేనే వెళ్ళి పోస్టు చేసి వచ్చాను.